పత్రికా విద్యకు కళాశాలను ఎంచుకొనే ముందు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా, కుంభారిలో జరిగిన పూర్వ విద్యార్థుల, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై ఐదు సంవత్సరాల పండుగను మన మరాఠీ సోదరులు అమృత మహోత్సవం అంటారు. మనం ప్లాటినం జూబిలీ అంటున్నాము. పేరు ఏదైనా, మరాఠీ గడ్డ మీద ఒక తెలుగు బడి మూడు తరాల పిల్లలకు ఓనమాలు దిద్దించి నిలబడటం సామాన్యమైన విషయం కాదు. అందుకు కారకులైన వారందరికీ ముందుగా చేతులు జోడిస్తున్నాను.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం, పత్రికా రంగంలో ప్రవేశించదలచిన విద్యార్థి ఏ కళాశాలను ఎంచుకోవాలి అన్నది. చూడటానికి ఇది చిన్న ప్రశ్న. నాలుగు కళాశాలల పేర్లు చెప్పి కూర్చోవచ్చును. కాని మన ఇళ్ళలో ఒక బిడ్డను పై చదువుకు పంపడమంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు. తండ్రి పవర్‌లూం కార్ఖానాలో రాత్రి పాళీ చేస్తాడు. తల్లి తునికాకు కత్తిరించి బీడీలు చుడుతుంది. ఆ రెండు కూలీలలో మిగిలినది ఆ చదువు మీద పెడతారు. ఎంపిక తప్పితే పోయేది ఒక సంవత్సరం మాత్రమే కాదు, ఇంటిల్లిపాది పొదుపు పోతుంది. ఆ తరువాత ఆ ఇంట్లో చెల్లెలిని చదివించే ధైర్యం కూడా పోతుంది. అందుచేత ఈ ప్రశ్నకు కొంత వివరంగా సమాధానం చెప్పడం నా విధి అనుకుంటున్నాను.

కిందటి వేసవిలో, పన్నెండవ తరగతి ముగించిన ఒక అమ్మాయి తల్లిని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చింది. చేతిలో రెండు కళాశాలల పరిచయ పుస్తకాలు ఉన్నాయి. ఒకదాని అట్ట మీద పెద్ద స్టూడియో, వరుసగా కెమెరాలు, సూటు వేసుకొని వార్తలు చదువుతున్న యువకుడి చిత్రం. రెండవది సాదా కాగితం మీద అచ్చయిన నాలుగు పుటలు. అమ్మాయి చూపు మొదటిదాని మీదనే ఉంది. ఆ తల్లికి చదువు రాదు. నేను చెప్పినదంతా ఓపికగా విని, చివరకు ఒక మాట అడిగింది.

"సారూ, అక్కడ చదివే పిల్లలు రాసిన పేపరు ఉంటది గద. అది చూపియ్యమను. మేం చుట్టిన బీడీలను చెకరు కట్ట విప్పి చూస్తడు. మరి వాళ్ళ సరుకు మనం చూడొద్దా?"

ఆ ప్రశ్నకు నేను తక్షణం జవాబు చెప్పలేకపోయాను. ఇన్నేళ్ళ అనుభవం ఉండి కూడా నేను ఆ అమ్మాయికి అంతవరకు చెప్పినది ఫీజుల గురించీ, సీట్ల గురించీ. చూడవలసిన వస్తువును చూపినది ఆ తల్లి. ఆమె మాటే ఈనాటి నా ప్రసంగానికి సారాంశం. మిగిలినదంతా దానికి వ్యాఖ్యానం.

మొదట ఒక సందేహం తీర్చుకుందాము. పత్రికా రచయిత కావడానికి పట్టా అవసరమా? మన దేశంలో వైద్యం చేయాలంటే, న్యాయస్థానంలో వాదించాలంటే పట్టా తప్పనిసరి. వార్త రాయడానికి అటువంటి చట్టబద్ధమైన నిబంధన లేదు. 2013లో భారత ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షులుగా ఉన్న జస్టిస్ మార్కండేయ కట్జూ, విలేఖరులకు కనీస విద్యార్హత ఉండాలని భావించి ఒక సంఘాన్ని నియమించారు. దాని మీద చర్చ జరిగింది కాని అది శాసనం కాలేదు.

మన పూర్వులను చూడండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించినది 1908లో, ముంబయి నగరంలో. తెలుగువారి సుప్రసిద్ధమైన పత్రిక మన మహారాష్ట్రలో పుట్టిందన్న సంగతి మన పిల్లలు గర్వంగా గుర్తు పెట్టుకోవాలి. అమృతాంజనం వ్యాపారంలో వచ్చిన ధనాన్ని ఆయన అక్షరం మీద పెట్టారు. 1914లో అది మద్రాసులో దినపత్రిక అయింది. మన తాతలు వదలి వచ్చిన తెలంగాణంలో, నిజాము పాలనలో, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి గారు చదివినది న్యాయశాస్త్రం. తెలంగాణంలో కవులే లేరన్న మాటకు సమాధానంగా 1934లో మూడు వందల యాభైకి పైగా కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించి, అపవాదుకు ఆధారాలతో బదులు చెప్పారు. మంచి విలేఖరి చేయవలసిన పని సరిగ్గా అదే.

ఇక మన షోలాపూర్ మాట. 1930లో ఈ ఊరు ఉప్పు సత్యాగ్రహ దినాలలో తిరగబడితే, బ్రిటిష్ ప్రభుత్వం సైనిక శాసనం విధించింది. 1931 జనవరి 12న ఎరవాడ కారాగారంలో ఉరికంబం ఎక్కిన నలుగురు వీరుల పేరిట మన ఊరి చౌరస్తా ఉన్నది. మల్లప్ప ధన్‌శెట్టి, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడా, కుర్బాన్ హుసేన్. వారిలో కుర్బాన్ హుసేన్ 'గజ్నఫర్' అనే పత్రికను నడిపినవారు, మిల్లు కార్మికుల మధ్య పనిచేసినవారు. ఆ చౌరస్తా మీదుగా వెళ్ళేటప్పుడు అందులో ఒక పత్రికా సంపాదకుడు కూడా ఉన్నాడని మనలో ఎందరికి స్ఫురిస్తుంది?

ఈ మహనీయులెవ్వరూ పత్రికా విద్యాలయాలలో చదవలేదు. అలాగని ఆ చదువు వ్యర్థమని నేను అనను. ఆ రోజులలో కుర్రవాడు సంపాదకుని బల్ల పక్కన కూర్చొని, తన రాతను ఆయన ఎర్ర సిరాతో కొట్టివేస్తూ ఉంటే చూసి నేర్చుకొనేవాడు. నేటి కార్యాలయాలలో ఆ తీరిక తక్కువ. చేరిన నాడే వార్త పంపాలి. పైగా తెలియక చేసిన తప్పుకు శిక్ష పెద్దది. లైంగిక దాడికి గురైన మహిళ పేరును బయటపెట్టడం నేరం. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షను ఆ విషయం చెబుతున్నది. బాలల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ఉన్నది. పరువునష్టం, కోర్టు ధిక్కారం ఉన్నాయి. వీటితో పాటు ప్రభుత్వ కాగితాలను అడిగి తెచ్చుకొనే ఆయుధంగా 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. ఇవన్నీ వీధిలో దెబ్బలు తిని నేర్చుకోవడం కంటె తరగతిలో నేర్చుకోవడం మేలు. అందుచేత పట్టా ముఖ్యం కాదు గాని శిక్షణ ముఖ్యం. ఆ శిక్షణ నిజంగా ఇచ్చే చోటు ఏది అన్నదే మన ప్రశ్న.

మన దేశంలో ఈ విద్యకు నూరేళ్ళ చరిత్ర ఉన్నది. 1920లో అనీబెసెంట్ అడయారులో తొలి ప్రయత్నం చేశారు. 1941లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో ఆచార్య పి. పి. సింగ్ శాఖను నెలకొల్పారు. స్వాతంత్ర్యం తరువాత మద్రాసు, కలకత్తా, మైసూరు, నాగపూరులలో శాఖలు ఏర్పడ్డాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1954లో ఏర్పడింది. పుణేలోని రానడే ఇన్‌స్టిట్యూట్‌లో విశ్వవిద్యాలయ శాఖ 1964లోనూ, ఢిల్లీలో భారతీయ జనసంచార సంస్థ 1965లోనూ మొదలయ్యాయి.

మన బిడ్డకు నేడు మూడు మార్గాలు ఉన్నాయి.

మొదటిది, పన్నెండవ తరగతి కాగానే పత్రికా రచన లేదా ప్రసార మాధ్యమాలు ప్రధానంగా ఉన్న డిగ్రీలో చేరడం. మూడు లేక నాలుగేళ్ళు పడుతుంది. ఇందులో లాభం, చిన్న వయసులోనే పనిముట్లు చేతికి రావడం. నష్టం ఏమిటంటే, రాయడం ఎలాగో వస్తుంది గాని దేని గురించి రాయాలో తెలియకపోవచ్చు. నూలు ధర ఎందుకు పెరిగిందో తెలియని వాడు పవర్‌లూం సమ్మె గురించి ఏమి రాయగలడు?

రెండవది, ముందు అర్థశాస్త్రమో, చరిత్రో, రాజనీతిశాస్త్రమో, వాణిజ్యమో, విజ్ఞానశాస్త్రమో చదివి డిగ్రీ పుచ్చుకొని, తరువాత ఒకటి రెండేళ్ళు పత్రికా విద్య చదవడం. నా సలహా అడిగిన వారికి నేను ఎక్కువగా సూచించేది ఈ మార్గమే. మగ్గం భాషలో చెప్పాలంటే విషయ పరిజ్ఞానం పడుగు, పత్రికా శిక్షణ పేక. పడుగు లేకుండా పేక మాత్రమే ఉంటే బట్ట కాదు, దారపు కుప్ప అవుతుంది. మధ్యలో బిడ్డ మనసు మారినా, చేతిలో ఉన్న డిగ్రీతో ఉపాధ్యాయ వృత్తికో, బ్యాంకు పరీక్షకో పోవచ్చును. బీద ఇంటికి ఈ భరోసా చిన్నది కాదు.

మూడవది, పత్రికలు తామే నడుపుకొనే శిక్షణాలయాలు. హైదరాబాదులోని ఈనాడు జర్నలిజం స్కూలు వంటివి ఈ కోవకు చెందుతాయి. ఇవి ప్రధానంగా భాషలోనూ లోకజ్ఞానంలోనూ పరీక్ష పెట్టి అభ్యర్థులను ఎన్నుకుంటాయి. ఎన్నికైన వారికి శిక్షణ కాలంలో భృతి ఇచ్చే పద్ధతి ఉన్నది. ఫీజు కట్టలేని తెలుగు బిడ్డకు ఇది మంచి ద్వారం. అయితే శిక్షణ తరువాత కొంతకాలం అక్కడే పనిచేయాలనే ఒప్పందాలు ఇటువంటి చోట్ల సాధారణం. దాన్ని ఇంట్లో పెద్దలు, తెలిసిన వకీలు చదివిన తరువాతనే సంతకం చేయాలి. పైగా అక్కడ నేర్పేది ముఖ్యంగా ఆ పత్రిక పద్ధతి అన్నది గుర్తుంచుకోవాలి.

కుంభారి నుంచి చూసినప్పుడు ఏ ఏ సంస్థలు మనకు అందుబాటులో ఉన్నాయి? అన్నిటికంటె దగ్గర మన ఊరి విశ్వవిద్యాలయమే. 2004లో ఏర్పడి, 2019 నుంచి పుణ్యశ్లోక్ అహల్యాదేవి హోల్కర్ పేరు ధరించిన షోలాపూర్ విశ్వవిద్యాలయంలో జనసంచార శాఖ ఉన్నది. పుణే రోడ్డు మీద కేగావ్ వద్ద ఉన్న ఆ ప్రాంగణానికి ఇంటి నుంచి వెళ్ళి రావచ్చును. దగ్గరది కనుక చిన్నది అనుకోవడం మన బలహీనత. తిండికీ బసకూ ఖర్చు లేకుండా మరాఠీలో రాయడం నేర్చుకొనే అవకాశాన్ని చులకన చేయరాదు. పుణేలో రానడే ఇన్‌స్టిట్యూట్ పట్టభద్రులకు ప్రవేశపరీక్ష ద్వారా ప్రవేశం ఇస్తుంది. భారతీయ జనసంచార సంస్థకు మన రాష్ట్రంలోనే అమరావతిలో ప్రాంగణం ఉన్నది. ఇల్లు కదలలేని వారికి నాసిక్ కేంద్రంగా 1989లో ఏర్పడిన యశ్వంతరావ్ చవాన్ మహారాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నది.

తెలుగులోనే రాయాలన్న తపన ఉన్నవారు తూర్పు వైపు చూడాలి. హైదరాబాదులో ఉస్మానియా ఉన్నది. 1985లో ఏర్పడి, తరువాత పొట్టి శ్రీరాములు పేరు ధరించి, తెలంగాణలో 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకొన్న తెలుగు విశ్వవిద్యాలయంలో పత్రికా రచన శాఖ ఉన్నది. ఒక పత్రికా సంపాదకుని పేరు విశ్వవిద్యాలయానికి పెట్టడం మన వృత్తికి దక్కిన గౌరవం. ఆంగ్లంలో రాయగల సత్తా ఉన్నవారికి హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం ఉన్నాయి. చెన్నై కళాశాల ఖర్చు ఎక్కువ. విద్యార్థివేతనం దొరుకుతుందో లేదో ముందే విచారించుకోవాలి.

పేర్లు చెప్పాను గాని, ఏ పేరునూ కళ్ళు మూసుకొని నమ్మవద్దు. కోర్సులు మారుతుంటాయి, ఆచార్యులు మారుతుంటారు. కాబట్టి ఆ తల్లి చెప్పినట్లు వెళ్ళి సరుకు చూడండి. ఏమి చూడాలో నాకు తోచినది చెబుతాను.

విద్యార్థులు స్వయంగా వెలువరించే అభ్యాస పత్రిక ఉన్నదా అని అడగండి. ఉన్నది అంటే కిందటి ఆరు నెలల సంచికలు చూపమనండి. అందులో వార్తలు ఎక్కడివో గమనించండి. ముఖ్య అతిథులు వచ్చారు, పూలమాలలు వేశారు అన్నవే ఉంటే అది వార్తాపత్రిక కాదు, ఆ కళాశాల కరపత్రం. ఆ ఊరి కూరగాయల బజారు, ఆసుపత్రి వరండా, బస్సు స్టాండు, కోర్టు ఆవరణ అందులో కనిపిస్తే, విద్యార్థులను వీధిలోకి పంపుతున్నారని అర్థం. ఇప్పుడు చాలాచోట్ల ఇవి అచ్చుకు బదులు అంతర్జాలంలో వస్తున్నాయి. ఎక్కడ వచ్చినా చూడవలసినది ఇదే.

ఆ తరువాత, దిద్దిన కాగితం ఒకటి చూపమనండి. ఏ విద్యార్థిదైనా సరే. ఎర్ర గీతలు ఎన్ని ఉన్నాయో చూడండి. గీతలు లేని కాగితం కనిపిస్తే సంతోషించవద్దు. దాన్ని ఎవరూ చదవలేదేమోనని అనుమానించండి. పాఠం చెప్పే వారిలో పత్రికలోనో, ఆకాశవాణిలోనో, టెలివిజన్‌లోనో పనిచేసినవారు ఎందరో అడగండి. గ్రంథాలయంలో పాత పత్రికల సంపుటాలు ఉన్నాయా, వాటి మీద దుమ్ము ఉన్నదా లేదా అని చూడండి. స్టూడియో ఉంటే మంచిదే. కాని ఒక్కొక్క విద్యార్థికి వారానికి ఎన్ని గంటలు ఆ కెమెరా చేతికి వస్తుందో అడగండి. అద్దాల గదిలో తాళం వేసి ఉన్న కెమెరా ఎవరికీ ఏమీ నేర్పదు.

గత మూడేళ్ళలో చదివి వెళ్ళిన ముగ్గురి ఫోను నంబర్లు, వారి అనుమతితో తీసుకోండి. ఉద్యోగాలు నూటికి నూరు వచ్చాయన్న ప్రకటనను పక్కన పెట్టి, ఆ ముగ్గురూ ఇప్పుడు ఏమి చేస్తున్నారో వారి నోటనే వినండి. ఆ పట్టాను విశ్వవిద్యాలయ నిధుల సంఘం గుర్తించిందా అన్నది విచారించడం మరువవద్దు. డిప్లొమా ఇచ్చే సంస్థ అయితే ఆ డిప్లొమాకు పత్రికా కార్యాలయాలలో ఏమి విలువ ఉన్నదో, అక్కడ పనిచేసే వారినే అడగండి.

తరువాత లెక్క. పరిచయ పుస్తకంలో రాసిన ఫీజు ఒకటి, తుదకు అయ్యే ఖర్చు మరొకటి. హాస్టలు, భోజనం, ప్రయాణం, కంప్యూటరు, శిక్షణ కోసం వేరే ఊళ్ళో ఉండవలసిన రెండు నెలలు, అన్నీ కూడండి. ఆ మొత్తాన్ని మీ ఇంటి లెక్కలోకి మార్చండి. వెయ్యి బీడీలకు చేతికి ముట్టే కూలి ఎంతో అమ్మలకు తెలుసు. ఖర్చును ఆ కూలితో భాగిస్తే, ఆ చదువు ఎన్ని వేల బీడీలో తేలుతుంది. ఆ అంకెను బిడ్డకు కూడా చెప్పండి. భయపెట్టడానికి కాదు. ఆ అంకె తెలిసిన బిడ్డ తరగతి ఎగగొట్టదు, తాళం వేసిన కెమెరా గది ముందు ఊరుకోదు. తాకట్టు పెట్టి, వడ్డీకి తెచ్చి కట్టే ఫీజు అయితే మాత్రం ఆగండి. ఈ వృత్తిలో మొదటి సంవత్సరాల జీతం ఆ వడ్డీని మోయలేదు.

ఈ విషయం దాచిపెట్టి మాట్లాడటం న్యాయం కాదు. పత్రికా రంగంలో వెలుగు కొందరి మీదనే పడుతుంది. చిన్న ఊళ్ళలో పనిచేసే విలేఖరులలో చాలామందికి నెల జీతం లేదు. తెలుగు పత్రికలలో అచ్చయిన పంక్తులను కొలిచి డబ్బు ఇచ్చే లైన్ అకౌంట్ పద్ధతి చాలాకాలంగా ఉన్నది. వార్తతో పాటు ప్రకటనలు కూడా తెమ్మని ఒత్తిడి చేసే చోట్లు ఉన్నాయి. ప్రకటన ఇచ్చిన వాని మీద వార్త రాయడం ఎంత కష్టమో ఊహించుకోండి. రాత్రి పని ఉంటుంది. ఆడపిల్లను పంపేటప్పుడు, రాత్రి ఇంటికి చేర్చే వాహనం ఏర్పాటు ఉన్నదా అని అడగడానికి సంకోచించవద్దు. ఇవన్నీ తెలిసిన తరువాత కూడా బిడ్డ ఈ దారిలోనే వెళతానంటే, ఆ బిడ్డను ఆపవద్దు.

మరొక కొత్త మార్పు వచ్చింది. కృత్రిమ మేధ క్షణంలో వార్త రాసి ఇస్తున్నప్పుడు ఈ చదువు ఎందుకని పిల్లలు నన్ను అడుగుతున్నారు. ఇచ్చిన ప్రకటనను తిరగరాయడం యంత్రం చేయగలదు. కనుక ప్రకటనలను తిరగరాయడం మాత్రమే నేర్పే కళాశాలలో చేరవద్దు. కార్ఖానా మెట్లెక్కి, మగ్గాల మోతలో చెవి దగ్గర చెవి పెట్టి కార్మికుని మాట వినవలసినది మనిషే. ఆ విన్నది నిజమా కాదా అని మరొకరిని, యజమానిని, కాగితాన్ని అడిగి తేల్చుకోవలసినదీ మనిషే. అది నేర్పే చోటు వెతకండి.

ఇక భాష. తెలుగు మాధ్యమంలో చదివిన బిడ్డ పై చదువులలో వెనుకబడుతుందన్న దిగులు తల్లిదండ్రులకు ఉన్నది. ఆ దిగులు నిరాధారమని నేను అనను. పదకొండవ తరగతిలో ఒక్కసారిగా భాష మారినప్పుడు పిల్లలు పడే అవస్థ నేనూ పడ్డాను. కాని పత్రికా వృత్తి విషయంలో మన పిల్లలకు ఇతరులకు లేని ఒక ఆస్తి ఉన్నది. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, కార్ఖానాలో హిందీ, సంతలో కన్నడం, పుస్తకంలో ఆంగ్లం. ఏ కళాశాలా ఇన్ని భాషలను నేర్పి పంపలేదు. 1832 జనవరి 6న బాళశాస్త్రి జాంభేకర్ ప్రారంభించిన 'దర్పణ్' పత్రికలో మరాఠీ, ఆంగ్లం పక్కపక్కనే ఉండేవి. మహారాష్ట్రలో ఆ తేదీనే పాత్రికేయ దినంగా జరుపుకుంటారు. అంటే మరాఠీ పత్రిక పుట్టినదే రెండు భాషలతో.

అయితే మాట్లాడటం వేరు, రాయడం వేరు. నాలుగు భాషలు మాట్లాడుతూ ఒక్కదానిలోనూ తప్పు లేకుండా రాయలేని స్థితి మనకు ప్రమాదం. అందుచేత ఏదో ఒక భాషను రాతకు ప్రధానంగా ఎంచుకోండి. రెండవదాన్ని తోడుగా ఉంచుకోండి. మీరు ఎంచుకొనే కళాశాల ఆ ప్రధాన భాషలో రాయించి దిద్దేదై ఉండాలి. ఉపన్యాసం ఒక భాషలో, పరీక్ష మరొక భాషలో, ఉద్యోగం వేరొక భాషలో ఉంటే బిడ్డ మూడింటికీ చెడుతుంది. ఇప్పటి నుంచే రోజుకు ఒక పుట తెలుగులో, ఒక పుట మరాఠీలో రాయండి. చూసినది, విన్నది మాత్రమే రాయండి.

భాష అంటే మాటల ఎంపిక కూడా. నేను వృత్తిలో చేరిన కొత్తలో, మన పూర్వ భాగంలో జరిగిన ఒక ప్రమాదం గురించి రాస్తూ, గాయపడిన నేతకార్మికుని 'వలస కార్మికుడు' అని రాశాను. తెలుగువాడు, మహారాష్ట్రలో పనిచేస్తున్నాడు, కనుక వలస అనుకున్నాను. రెండు రోజుల తరువాత ఆయనను చూడబోతే, పత్రిక ముక్కను దిండు కింద నుంచి తీసి చూపాడు. "వలస వచ్చింది మా తాత బిడ్డా. నేను ఈ గల్లీలనే పుట్టిన. ఓటు ఈడనే, ఇల్లు ఈడనే. నువ్వు గూడ మనోనివే. నన్ను వలసోణ్ణి ఎందుకు జేస్తివి?" అన్నాడు.

నేను తెలుగు బడిలో చదివినవాడిని, ఆ గల్లీల మధ్య పెరిగినవాడిని. అయినా ఆ మాట నా కలం నుంచి వచ్చింది. ఎందుకంటే ఎక్కడో దూరంగా కూర్చున్న వారు మన గురించి రాసే మాటనే నేను ఎత్తి రాశాను. అచ్చుకు ముందు దాన్ని ఎవరూ ఆపలేదు. ఒక్క ప్రశ్న, "ఆయన ఎప్పుడు వచ్చాడు, నీవు అడిగావా?" అన్న ఒక్క ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు. మంచి కళాశాల అంటే నా దృష్టిలో, ఆ ప్రశ్న అడిగే ఆచార్యుడు ఉన్న కళాశాల. అది ఏ ఊళ్ళో ఉన్నా, దాని గోడలు వెల వెల బోతున్నా అక్కడే చేరండి.

ఈ మాట కుంభారిలో చెప్పడానికి ప్రత్యేకమైన కారణం ఉన్నది. బీడీ కార్మిక మహిళల కోసం ఇక్కడ పది వేల ఇళ్ళతో ఏర్పడిన కాలనీ పేరు మనందరికీ తెలుసు. గోదూతాయి పరులేకర్. ఆ పేరు గల ఆమె ఏమి చేశారో పిల్లలలో ఎందరికి తెలుసు? న్యాయశాస్త్రం చదివిన ఆమె ఠాణే అడవులలోని వార్లీ ఆదివాసుల మధ్యకు వెళ్ళి, వారి గుడిసెలలో ఉండి, వారి మాట విని, వారి పోరాటాన్ని మరాఠీలో పుస్తకంగా రాశారు. ఆ పుస్తకానికి 1972లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అంటే మీరు ఉత్తరాల మీద చిరునామాగా రాసే పేరు, విని రాసిన ఒక రచయిత్రి పేరు.

అలాగే 2024 జనవరి 19న ప్రధానమంత్రి ఇక్కడకు వచ్చి రాయ్‌నగర్‌లో పదిహేను వేల ఇళ్ళను ప్రారంభించారు. దేశంలోని పత్రికలన్నీ కుంభారి పేరు రాశాయి. అది వార్తే, రాయవలసిందే. కాని ఆ మరునాటి నుంచి జరిగే వార్తలు ఎవరు రాస్తారు? కొత్త ఇంటి నుంచి పట్నంలోని కార్ఖానాకు రానూపోనూ ఎంత ఖర్చు, ఎంత కాలం? బడి ఎంత దూరం? ప్రసవ వేదన అర్ధరాత్రి వస్తే ఏ వాహనం దొరుకుతుంది? మగ్గం వదిలి కొత్త పని వెతుక్కుంటున్న యువకులు ఎటు పోతున్నారు? ఇవి రాయడానికి ఢిల్లీ నుంచి ఎవరూ రారు. తెలుగు పత్రికలలో జిల్లా వార్తలకు ప్రత్యేక పుటలు 1989లో ఈనాడుతో విస్తరించినప్పుడు, తమ ఊరి పేరు అచ్చులో చూసుకోవాలన్న ప్రజల కోరిక ఎంత బలమైనదో వెల్లడైంది. మన పేట పేరు అచ్చులో చూసుకోవడంతో మాత్రం తృప్తి పడవద్దు. దాన్ని నిజంగా, సరైన మాటలతో రాసినవారు మన బడి నుంచి రావాలని కోరుకుందాము.

పెద్దలకు, ఉపాధ్యాయులకు ఒక విన్నపం చేసి ముగిస్తాను. కళాశాలను ఎంచుకొనే పని పన్నెండవ తరగతి ఫలితాల నాడు మొదలుకారాదు. మన బడిలో గోడపత్రిక ఒకటి క్రమం తప్పక వెలువడాలి. పిల్లలు పేటలోకి వెళ్ళి అడిగి తెచ్చిన వార్తలే అందులో ఉండాలి. ఉపాధ్యాయులు దాన్ని ఎర్ర సిరాతో దిద్దాలి. దిద్దిన ప్రతిని కూడా గోడకు అంటించాలి. పూర్వ విద్యార్థులమైన మేము ఏడాదికి ఒక్క బిడ్డకైనా, కళాశాలలను స్వయంగా చూసి రావడానికి దారి ఖర్చులు భరిస్తే, పరిచయ పుస్తకాల అట్టలు చూసి మోసపోయే అవస్థ తప్పుతుంది. ఆ ఖర్చులో నా వంతు నేను ఈ సభలోనే ప్రధానోపాధ్యాయుల వారికి అందజేస్తున్నాను.

మొదట చెప్పిన అమ్మాయి ఏమైందని మీరు అడగవచ్చును. తల్లీ కూతురూ ఆ రెండు చోట్లకూ వెళ్ళారు. స్టూడియో ఉన్న చోట పిల్లలు రాసిన పేపరు ఏదీ దొరకలేదట. సాదా పుటల వారు ఒక కట్ట తెచ్చి బల్ల మీద పెట్టారట. కాని అక్కడ ఫీజు లెక్క కుదరలేదు. ఆ అమ్మాయి ప్రస్తుతం షోలాపూర్‌లోనే అర్థశాస్త్రంతో డిగ్రీ చదువుతున్నది. పట్టా పుచ్చుకొన్న తరువాత పత్రికా విద్య ప్రవేశపరీక్షలు రాస్తానంటున్నది. నెలకొకసారి తాను రాసినది తెచ్చి నాకు చూపుతుంది. నేను ఎర్ర కలం తీస్తాను. కిందటిసారి తెచ్చిన దానిలో తునికాకు నాణ్యత గురించి నేను ఒక వాక్యం కొట్టివేస్తే, "మా అమ్మను అడిగి రాసిన సార్" అని నిలబడింది. విచారిస్తే ఆమె రాసినదే నిజమని తేలింది. కొట్టివేసిన వాక్యం కింద చుక్కలు పెట్టి, ఉంచవలెనని రాసి సంతకం చేశాను.

ఈ బడి నూరేళ్ళ పండుగ నాటికి ఈ వేదిక మీద నిలబడి మాట్లాడేవారు ఆ అమ్మాయి వంటివారు కావాలని ఆకాంక్షిస్తున్నాను.